ప్రార్థనలో గవర్నరు పేరు

నాయనా లియోంతీ,

మీ నాన్న గుడిలో దాక్కున్నాడని రాశావు. దాక్కోలేదు, అందరూ చూస్తుండగా బలిపీఠం కాలు పట్టుకుని కూర్చున్నాడు. గుడి పొలాలకు పన్ను వసూలు చేయనన్నాడు కదా, ఆ కాలు పట్టుకున్నంతసేపు ఎవరూ ముట్టకూడదు, వదిలితే నువ్వు కొలువు చేసే ఆ గవర్నరు కళ్ళు పీకిస్తాడు.

నిన్న బిషప్పుగారిని బతిమాలాను. "ప్రార్థనలోంచి గవర్నరు పేరు తీసేశారు. మళ్ళీ చదవండి స్వామీ, మావాణ్ణి వదిలేస్తానంటున్నాడు."

"ముందు వదలమనమ్మా, తరవాత చదువుతాం" అన్నారాయన.

మీ గవర్నరేమో ముందు పేరు వినపడాలంటాడు. ఇద్దరి గొంతులూ భేషుగ్గా ఉన్నాయి, దగ్గు మాత్రం మావాడికి పట్టుకుంది. నాకు ఓపిక అయిపోయింది.

ఆదివారం పేర్లు చదివే డీకన్ నా మేనల్లుడు. పాత అలవాటు కొద్దీ నోరు జారబోతున్నాడు. ఆ వేళకు గవర్నరు గుమ్మంలో ఉండేట్టు చూడు. వచ్చేటప్పుడు మీ నాన్న మందపాటి ఉన్ని మేజోళ్ళు తీసుకురా, బలిపీఠం కింద పాలరాయి మంచుగడ్డలా ఉంది.

నానమ్మ