మా డాబా మీది ఎండ

పెద్దాపురంలో జాకెట్టు గుడ్డల దుకాణం నడిపిన కీర్తిశేషులు గ్రంధి గున్నేశ్వరరావు గారి భార్యను, కన్యకను. డెబ్బయ్యొకటో ఏట పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. మోకాళ్ళు అరిగాయి గానీ బుద్ధి అరగలేదు. ఇదివరకు రాసినది దీనితో రద్దు.

1. దుకాణం, అందులోని సరుకు మా అబ్బాయి శివరామకృష్ణకు చెందాలి. వాడికి వ్యాపారం తెలుసు.

2. నా పేరున ఉన్న ఇంట్లో కింది భాగం కూడా వాడిదే. డాబా మాత్రం వాడికి ఇవ్వడం లేదు. కారణం రాయకపోతే నలుగురూ నన్ను తప్పుపడతారు కనుక రాయిస్తున్నాను.

ఆయనకు ఊపిరితిత్తులు పాడై ఇంట్లోనే ఆక్సిజన్ మిషను పెట్టుకున్నాం. తుఫానుకు కరెంటు పోయి మిషను ఆగింది. సిలిండరు దొరికేసరికి ఆయన పెదవులు నల్లబడిపోయాయి. సోలార్ పెట్టించి తీరాలని అప్పుడే పట్టుబట్టాను. "డాబా మీద గదులేసి అద్దెకిద్దామనుకున్నానమ్మా" అన్నాడు శివరామకృష్ణ. ముందు మీ నాన్నగారికి ఊపిరాడనీ, తర్వాత అద్దె సంగతి చూద్దామన్నాను.

ప్యానెళ్లు బిగించాక మొదటిసారి కరెంటు పోయింది మిట్టమధ్యాహ్నం. అంత ఎండలోనూ మిషను ఆగిపోయింది. బ్యాటరీ లేకపోతే లైనుతో పాటు సోలారూ ఆగుతుందని బిగించినవాళ్ళు అప్పుడు చెప్పారు. పక్కింటి నర్సు హెలెన్ పరుగెత్తుకొచ్చి సిలిండరు తగిలించింది. తీయించేద్దామన్నాడు మా వాడు. కోడలు సాయిప్రసన్న మాత్రం మర్నాడు నన్ను వెంటబెట్టుకుని రాజమండ్రి వెళ్ళి బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టరు మాట్లాడి వచ్చింది.

ఆ తర్వాత ఆయన రెండేళ్ళు బతికారు. పోయిన పూట కూడా ఊళ్ళో కరెంటు లేదు. మిషను నడుస్తూనే ఉంది. ఆయన ఆయువు తీరి వెళ్ళారు, గాలి అందక కాదు. ఆ తృప్తి నాకు చాలు.

3. అందుచేత డాబా, ప్యానెళ్లు, బ్యాటరీ సర్వహక్కులతో సాయిప్రసన్నకు చెందాలి. ఆమె ఒప్పుకోకుండా అక్కడ గది గానీ, హోర్డింగు గానీ వేయరాదు.

4. నా కాసులపేరు కోసం బీరువాలు వెతకొద్దు. అది బ్యాటరీ అయి మెట్ల కింద ఉంది.

5. మా మరిది చంద్రరావు గారు మా గోడ పక్కనే నీళ్ళ ట్యాంకు ఎత్తు పెంచారు. ప్యానెళ్ల మీద నీడ పడుతోందంటే, "ఎండ మీ ఒక్కరిదేంటండి వదినా" అన్నారు. స్టాండ్లు ఎత్తు చేయించుకున్నాను. ఆయనకు నేనిచ్చేది ఏమీ లేదు. మేము వాడుకోగా మిగిలిన ఎండ తీసుకోవచ్చు.

6. ఆక్సిజన్ మిషను హెలెన్‌కు. అవసరమున్నవాళ్ళకు ఆమె ఇస్తుంది. కరెంటు పోయినప్పుడు ఊపిరాడని మనిషిని ఎవరు తీసుకొచ్చినా, మీరెవరని అడగకుండా మా హాల్లో ప్లగ్గు పెట్టనివ్వాలి. కింది ఇల్లు శివరామకృష్ణకు ఇస్తున్నది ఈ షరతు మీదే.

7. దీన్ని అమలు చేయవలసినది మా ఆడపడుచు సత్యకుమారి. తమ్ముడైనా సరే, చంద్రరావు గారికి జంకదు.

శివా, ఇది కోపం కాదు. ప్రసన్న ప్యానెళ్లు కడగడానికి పైకెక్కినప్పుడు కింద నిచ్చెన పట్టుకో.

పెద్దాపురం, 2025 నవంబరు 14.

(సంతకం) గ్రంధి కన్యక

ఆమె మా ఎదుట చదివించుకుని విని సంతకం చేయగా చూసిన సాక్షులు:
డాక్టర్ కొత్త జయంత్
పేరూరి అచ్చిబాబు