ఎండబోసిన మందు

ఆదిలాబాద్,
3-11-1959.

ఎల్లక్కకు చెల్లెలు రాజక్క ప్రేమతో రాసేది.

మేమిక్కడ క్షేమం. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. బాపుకు వినిపించకు. ఆయనకు ఉర్దూ అక్షరాలే వచ్చు, తెలుగు చదవడం రాదు, ఇన్నేళ్లకు అది నాకు మేలు చేసింది. ఏం రాసిందని అడిగితే పత్తి ధర పెరిగిందట, బర్రె ఈనిందట అని ఏదో ఒకటి చెప్పు.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన సంగతి చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. సూదిలో దారం ఎక్కించమని నువ్వు అడిగితే బాపు "నా చేతుల్ని నమ్మకు బిడ్డా, అవి మనిషిని చంపబోయినయి" అన్నాడని రాశావు. రైఫిల్ తూటాలు నింపాలంటే మన బాపు ముత్తయ్య చెయ్యే పడాలని నిజామాబాద్ నుంచి కూడా దొరలు మన తుపాకుల దుకాణానికి మనుషుల్ని పంపేవారు. ఆ చేతులు ఇప్పుడు నీ ఇంటి అరుగు మీద ఒళ్లో ముడుచుకొని కూర్చున్నాయి.

రెండేళ్ల కిందటి ఆ రోజు నీకు తెలిసిందే. అయినా మొదటి నుంచి రాస్తాను, ఎందుకంటే మనకు తెలిసిందంతా తప్పు. కలప కాంట్రాక్టరు అజీముద్దీన్ సాబ్ బాపు నింపిన తూటాలతో పులి వేటకు పోయాడు. మొదటి దెబ్బ తగిలింది. రెండో తూటా ఎక్కిద్దామంటే రైఫిల్ బోల్టు తెరుచుకోలేదు. కాల్చిన ఇత్తడి గొట్టం లోపల బిగుసుకుపోయింది. గాయపడ్డ పులి వచ్చి ఆయన ఎడమ భుజం చీల్చింది. పిచ్చివాళ్లలా అరుస్తూ డప్పులు కొట్టేవాళ్లు దాన్ని తరిమితే ప్రాణాలతో బయటపడ్డాడు. తూటాలో తుపాకి మందు ఎక్కువైతేనే గొట్టం అట్లా బిగుస్తుంది. ముసలాయన చేతులు వణుకుతున్నాయి, మందు ఎక్కువ పోశాడు అని బజారంతా అనుకుంది. పోలీసు కాగితాల్లోనూ అదే రాశారు. చివరికి బాపు కూడా నమ్మాడు. మందు తూచే తక్కెడ నా చేతిలో పెట్టి కరీంనగర్ బస్సెక్కాడు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న అజీముద్దీన్ సాబ్ దుకాణానికి వచ్చాడు. ఇచ్చోడ వైపు ఒక పులి ఇద్దరు పత్తి ఏరే ఆడవాళ్లను తీసుకుపోయింది. చేన్లలో పత్తి తెల్లగా విచ్చి ఉంది, ఏరడానికి ఒక్కరూ పోవడం లేదు. "కంపెనీ తూటలు బజార్ల దొరుకుతలేవు బేటీ. హైద్రాబాద్ నుంచి మందు డబ్బా మాత్రం దొరికిచ్చుకున్న. నువ్వు నింపియ్యాలె" అన్నాడు. నేను నోరెళ్లబెట్టాను. "మా బాపు తూటలతోనే కదా సాబ్ మీకు గా గతి పట్టింది?" అన్నాను. "ముప్పై ఏండ్లు గాయన తూటలతోనే బతికిన. ఒక్క దినం బాగలేదని గాయన ఇంటి గడప మర్చిపోతనా?" అన్నాడు.

డబ్బాతోపాటు ఇంగ్లీషులో ఒక కాగితం ఉంది. హైస్కూలు పంతులుగారితో చదివించాను. ఆయన ఒక్కో మాటా తెలుగు చేసి చెబుతున్నాడు. చల్లని చోట పెట్టాలి, మూత తీసి ఉంచకూడదు, ఎండ తగలనివ్వకూడదు, ఎండలో ఆరితే మందు తీరు మారి తూకం సరిగ్గా ఉన్నా దెబ్బ హద్దు దాటుతుంది. ఆ మాట మళ్లీ చెప్పమన్నాను, అక్కా. పంతులుగారు మళ్లీ అదే చెప్పాడు.

గుర్తుందా, వానలు వెనుకబట్టాక దసరా ముందు మంచి ఎండ కాసినప్పుడు మనల్ని కన్న అవ్వ తెల్లబట్ట పరిచి నాటు తుపాకుల మందు ఎండబోసేది. నాటు మందు చెమ్మ పీలుస్తుంది, ఎండబోయకపోతే తుస్సుమంటుంది. తుపాకులు బాగుచేసే ప్రతి ఇంట్లో అది ఆడవాళ్ల పని. అవ్వ పోయాక నాకొచ్చింది. పులి వేట జరిగిన ఏడు బాపు మొక్కు తీర్చుకోవడానికి వేములవాడ పోయాడు. నేను నాటు మందు ఎండబోసి, పక్కన రైఫిల్ మందు డబ్బా కనిపిస్తే పనిలో పనిగా దాన్నీ బట్ట మీద పోశాను. ఖరీదైన మందు కదా, బాగా కాపాడాలని మూడు రోజులు ఎండనిచ్చి మళ్లీ డబ్బాలో పోసి పెట్టాను. బాపుకు చెప్పాలనే తోచలేదు. చెప్పేంత పని అనుకోలేదు.

అక్కా, బాపు చెయ్యి వణకలేదు. ఆయన సరిగ్గానే తూచాడు. మందును చెడగొట్టింది నేను. రెండేళ్లు ఆయన నా తప్పును తన చేతుల మీద వేసుకొని కుమిలిపోతుంటే, నేను ఇక్కడ ఆయన దుకాణంలో కూర్చొని "పాపం ముసలాయన" అనుకున్నాను. నా మీద నాకే అసహ్యమేసింది.

చెప్పాలని మనసు లాగుతోంది, కానీ ఉట్టి మాటతో చెబితే బాపు నమ్మడు. బిడ్డ నా మనసు కుదుటపరచడానికి కథ అల్లిందంటాడు. లేదా నమ్మి, ఇక నా ముఖం చూడడు. రుజువు చేసి చెబుతాను. ఎండబోసిన ఆ పాత డబ్బాలో మందు ఇంకా పావువంతు ఉంది. దుకాణం లైసెన్సులో బాపు పేరు కింద నా పేరూ ఉంది. అజీముద్దీన్ సాబుకు తూటాలు నింపుతానని మాటిచ్చాను.

భయంతో, సిగ్గుతో,
నీ రాజక్క


ఆదిలాబాద్,
19-11-1959.

అక్కకు రాజక్క వెయ్యి సంతోషాలతో రాసేది.

ఈ ఉత్తరాన్ని నిలబడి చదవకు, కూర్చో. ఇది చదివాక పాత ఉత్తరం కూడా తీసి, రెండూ వరసగా బాపుకు వినిపించు.

ముందు మందు సంగతి. ఎండబోసిన పాత డబ్బా పక్కన పెడితే నా ముందు మూడు డబ్బాలున్నాయి. నాటు మందు పోద్దామా అంటే ఆ రైఫిలుకు అది చాలదు, గుండు పులి దాకా పోయేలోపే కిందికి వాలుతుంది, పొగలో వేటగాడికి ఏమీ కనపడదు. చిన్న గుండ్లు చల్లే ఛర్రా తుపాకి మందు ఉంది, ఎన్నడూ ఎండ తగలలేదు. మా ఆయన "గది కూడ పొగ రానిదే కదనే, గదే పొయ్యరాదు" అన్నాడు. "నీకు మిల్లు పని తప్ప ఏం తెల్వదు, జర ఊకో" అన్నాను. అది గడ్డిమంటలాగా ఒక్కసారే భగ్గుమంటుంది. గుండు గొట్టంలోంచి కదిలేలోపే బలమంతా వెనక్కి తంతుంది. రైఫిలుకు కావలసింది నిదానంగా అంటుకొని గుండును చివరిదాకా తోసుకుపోయే మందు. బాపు మందు గింజను వేలి మీద వేసుకొని చూపి చెప్పిన మాటలన్నీ ఆ రోజు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అజీముద్దీన్ సాబ్ తెచ్చిన డబ్బాయే తీశాను. మన పాత డబ్బాదీ, దానిదీ ఒకటే కంపెనీ, ఒకటే రకం. తేడా అల్లా ఎండే.

దర్వాజ మూసి, ఫ్యాను లేని గదిలో, ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతూ తూచాను. ఒక్కో తూటాకు మూడుసార్లు. నా చేతులు వణికాయి అక్కా, నా వయసులో వణికాయి! వణికినా తక్కెడ అబద్ధం చెప్పదని అప్పుడు తెలిసింది.

ఊరి బయట కంకర క్వారీకి పోయాం. అజీముద్దీన్ సాబ్, పోలీసు జమేదారు, మా ఆయన, ఇంకా పిలవకుండా వచ్చిన సగం బజారు. అదే రైఫిలును బండికి మోకులతో కట్టేసి, ట్రిగ్గరుకు పొడుగాటి తాడు కట్టి అందరం బండరాళ్ల వెనక కూర్చున్నాం. కొత్త డబ్బా తూటాలు మూడు పేల్చాం. మూడుసార్లూ బోల్టు వేలితో తెరుచుకుంది. తర్వాత అందరి ముందు అదే తక్కెడతో, అంతే తూకం, ఎండబోసిన పాత మందు నింపాను. జమేదారే తక్కెడ ముల్లు చూశాడు. తాడు లాగాం. చప్పుడే వేరుగా వచ్చింది. బోల్టు తెరుద్దామంటే రాలేదు. మా ఆయన లాగాడు, జమేదారు లాగాడు. కట్టె సుత్తితో కొడితే గాని కదలలేదు.

నేను లేచి అందరి ముందు చెప్పాను. "మా బాపు తప్పేం లేదు. గా మందు ఎండబోసింది నేను. తెల్వక చేసిన. గాయన తూకం సక్కగనే ఉండె" అన్నాను. ఏడ్చాను కూడా. అజీముద్దీన్ సాబ్ తన వంకర భుజాన్ని తడుముకొని "అరె, రెండేండ్ల సంది గీ తుపాకినే తిట్టుకుంటున్న" అని నవ్వాడు. జమేదారు పాత కాగితాల్లో ఉన్నది కొట్టేయించి కొత్తగా రాయిస్తానన్నాడు. రాయించాడు కూడా, నకలు ఇందులో పెట్టాను.

నాలుగో నాడు సాబ్ నా తూటాలు ఐదు తీసుకొని ఇచ్చోడ పోయాడు. ఆ రెండు రోజులు నేను మనిషిని కాను. ఈసారి ఏమైనా అయితే ఆయన పెళ్లాం బిస్మిల్లా బీ ముఖం ఎట్లా చూడాలి? మూడో రోజు పొద్దున పత్తి బండ్ల వాళ్లే కేకలు వేసుకుంటూ వచ్చి చెప్పారు. మొదటి దెబ్బకు పులి పడి, లేచి, ఆయన మీదికే వచ్చిందట. బోల్టు తెరిచాడు, మూశాడు, కొట్టాడు. పది అడుగుల దూరంలో పడిపోయింది. సాబ్ తిన్నగా మన దుకాణానికి వచ్చి, కాల్చిన గొట్టాలు రెండూ గల్లా మీద పెట్టి, "బోల్టు వెన్నముద్ద లెక్క తెరుసుకున్నది బేటీ! మీ బాపుకు రాయి" అన్నాడు. బజారు బజారంతా దుకాణం ముందు నిలబడింది. నిన్నటి నుంచి ఇచ్చోడ చేన్లలో ఆడవాళ్లు పత్తి ఏరుతున్నారు.

ఇక బాపుకు చదువు. నన్ను తిట్టనీ, శపించనీ, పడతాను. ఆయన చేతులు మంచివని ఆయనకు తెలిస్తే చాలు.

మీ రాజక్క


కరీంనగర్,
24-11-1959.

చెల్లె రాజక్కను ఎల్లక్క దీవించి రాసేది.

నీ రెండు ఉత్తరాలూ నిన్న పొద్దున అరుగు మీద కూర్చోబెట్టి బాపుకు చదివాను. నువ్వు మందు ఎండబోసిన చోటికి రాగానే తలెత్తి బాపు ముఖం చూశాను. ఆయన కానియ్యమని చెయ్యి ఊపాడు. అంతా అయ్యాక "తూకం సక్కగ ఉన్నదన్న కాడ మల్ల సదువు" అన్నాడు. చదివాను. "మల్ల సదువు." నాలుగుసార్లు చదివించుకున్నాడు. జమేదారు నకలు ఉర్దూలో ఉంది కదా, అది తానే వేలు పెట్టి చదువుకున్నాడు.

తర్వాత ఏం చేశాడనుకున్నావు? చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. ఎదురింటి బుచ్చవ్వను పిలిచి "నా బిడ్డ తప్పు చేసిందట! మందు ఎండబోసిందట! నేను కాదు!" అని చెబుతున్నాడు. నువ్వు మెట్రిక్ పాసయ్యావన్నంత సంబరం. బుచ్చవ్వకు ఏమీ అర్థం కాక "పోనియ్ తాతా, చిన్నపిల్ల, మాఫ్ చెయ్" అంది. "మాఫ్ ఏందే, గంత మంచి మాట సెప్పినదాన్ని నెత్తిన పెట్టుకోవాలె" అని కోప్పడి పక్కింటికి పోయాడు. మా వాడకట్టు మొత్తానికి నీ తప్పు తెలుసు ఇప్పుడు. నీ పేరు చెబితే అందరూ నవ్వుతున్నారు.

మధ్యాహ్నం అన్నం తింటూ మాత్రం ముఖం ముడుచుకున్నాడు. "రాజక్క మీద నాకు కోపమున్నది" అన్నాడు. "మందు ఎండబోసిందనా బాపూ?" అన్నాను. "గదెట్ల తప్పు? ఎండబొయ్యాలెనని మీ అవ్వకు నేర్పింది నేనే. రైఫిల్ మందు వేరని నేను సెప్పలే. అదెట్ల తెలుస్తది? రెండేండ్లు నేను ఏడ్సిన, గందుకు నాకు ఫికర్ లేదు. మరి గా కాయిదం సదివించుకున్ననాడు దానికి తెలిసింది గదా. గా దినమే నాకు రాయొద్దా? గీ రెండు ఉత్తరాల నడుమ పదహారు దినాలు నా చేతులు నాకియ్యక దాసిపెట్టింది. నువ్వు దానికి తోడు. గది మాత్రం నేను మాఫ్ చెయ్య" అన్నాడు.

ఆయన రుజువు అడుగుతాడని నువ్వు అనుకున్నావు, నేను ఆయన బెంగపడతాడనుకున్నాను. ఆ పదహారు రోజులూ ఆయన నా ఎదురుగా కూర్చొని తన చేతుల వంక చూసుకుంటూనే ఉన్నాడు. మనమిద్దరం చెంపలు వేసుకోవాలి.

ఇంకాసేపట్లో బాపును ఆదిలాబాద్ బస్సెక్కిస్తున్నాను, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఇంకో రెండు రోజులు ఉండి పొమ్మన్నా వినలేదు. "గింత జల్దీ ఎందుకు బాపూ?" అంటే "ఎదురుంగ తిట్టాలె" అన్నాడు. అన్నం వండి పెట్టు. తిట్టినంత సేపూ తలవంచుకొని కూర్చో, మధ్యలో నవ్వకు.

నీ అక్క,
ఎల్లక్క