నడింట్లో దూడ

ఓబులేసు నాయనకు,

నడింట్లో దూడను కట్టేశాను, సంత నుంచి వచ్చి చూసి గాభరా పడొద్దు. ఎండ తిరిగాక దానికి కుడితి పెట్టండి. మీకు సంగటి ఉట్టి మీద ఉంది. ఉయ్యాల పశువుల కొట్టంలో కట్టాను. మీ అమ్మ అక్కడే మన ఓబులేసును ఊపుతూ నన్ను తిడుతూ ఉంటుంది. నేను చెనిక్కాయ చేన్లో కలుపు తీసేదానికి పోతున్నాను.

మొన్న మీరు సంతకు పోయాక, దగ్గు తగ్గలేదని వాణ్ణి ఆత్మకూరు డాక్టరుకు చూపించాను. "ఇంట్లో పొగ శానా ఉండాదా అమ్మా? లేత ఊపిరితిత్తులు తట్టుకోలేవు" అన్నాడు. పొయ్యి పొగ, మీ చుట్ట పొగ ఎటూ ఉన్నవే. దగ్గు పోవాలని అత్త సాంబ్రాణి వేసింది, పక్కింటి ఖలందరన్న ఊదు వేశాడు, నేను దిష్టి తీసి మిరపకాయలు కాల్చాను. పొగతో వచ్చిన దగ్గుకు అందరం పొగే మందు వేశాం.

మనకు పొగ లేని చోటు కొట్టమొక్కటే. గడ్డి అంటుకుంటుందని అక్కడికి మీరు ఎవరినీ నిప్పు తేనివ్వరు. అందుకే ఇద్దరి చోట్లూ మార్చాను. నిన్న మధ్యాహ్నం వాడు దగ్గకుండా నిద్రపోయాడు. నాకే భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

చుట్ట కాల్చాలంటే దూడ పక్కన కూర్చోండి.

మరిచాను. పొద్దున దూడ రెండుసార్లు దగ్గింది. అత్త వెంటనే, "అయ్యో, మూగజీవికి పొగ పడల్యా! ఈ పొద్దు నుంచి ఇంట్లో ఎవరూ పొగ పెట్టగూడదు" అనింది. ఓబులేసు నెల దినాలు దగ్గినా ఆ మాట రాలేదు. దూడను మాత్రం అక్కడి నుంచి కదిలించొద్దు.