చిట్టి వంతులు

తమ్ముడూ, ముందే చెబుతున్నాను, కంగారు పడకు. మెట్ల మీద జారి కాలు విరిగి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. నిన్ననే ఇంటికొచ్చాను.

నలభై ఏళ్లొచ్చినా ఒంటరిగా రోడ్డు దాటలేని మన చిట్టి ఏమైపోతుందోనని ఒకటే గాభరా పడ్డాను. తను తువ్వాళ్లు మడతపెట్టే లాండ్రీ యజమానురాలు రోజూ వచ్చి పనికి తీసుకెళ్లింది. సాయంత్రాలు కింది వాటా దర్జీ తనను ఇంటికి తెచ్చి అన్నం పెట్టాడు. మొదటి రోజు చిట్టి ముద్ద ముట్టలేదట. అన్నానికి కూర తగలకూడదని లాండ్రీ ఆవిడ ఫోన్‌లో చెబితే వేరే గిన్నెలో వడ్డించాడట. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసనుకునేదాన్ని.

మూడో రోజు చిట్టి లాండ్రీ ఆవిడ వెంట నన్ను చూడటానికి వచ్చింది. "నువ్వు పడుకో అక్కా. ఇవాళ దర్జీ అన్నయ్య వంతు" అంది.

చిట్టిని చేర్చమని నువ్వు పంపిన హాస్టల్ దరఖాస్తు నింపలేదు, ఇక నింపను. మీ పెద్దదానికి జ్వరం తగ్గిందా? మరదలి పాత స్వెట్టరు ఉంటే చిట్టికి పంపు.

లాండ్రీ ఆవిడా, దర్జీ తమ వంతులు కాగితం మీద రాసి గోడకు అంటించారు. ఆదివారం గడి ఖాళీగా ఉంటే, అక్కడ తమ్ముడని రాయమంది చిట్టి. రాలేకపోతే ఫోన్ చేసినా వంతు కిందే లెక్కట.

పిల్లలకు నా దీవెనలు.

పెద్దక్క