చెంబులో మిగిలిన నీళ్ళు

మడివాళ,
శుక్రవారం.

అనసూయక్కకు,

ఫోన్‌లో చెబితే మధ్యలో అడ్డం పడతావు. అందుకే రాస్తున్నాను. మొన్న కాటన్‌పేటలో మీ అత్తగారి ముందు నేను చెంబు కరుచుకుని తాగడం తప్పే. "ఎత్తి పోసుకునేది మరిస్తివా?" అని, మిగిలిన నీళ్ళు సింకులో పారబోశావు. మరవలేదక్కా.

నేను పనిచేసే ఓడ మునిగిన సంగతి మీకు తెలుసు. ఆ తర్వాత రబ్బరు తెప్ప మీది సంగతి నేను చెప్పలేదు. నాతో మిగిలింది మా వంటాయన గోపాలప్ప ఒక్కడే. కోలారు మనిషి, పెద్దాయన. వాన పడితే తెప్ప పైకప్పు గుడ్డ నుంచి నీళ్ళు పట్టేవాళ్ళం. గుడ్డంతా ఉప్పు కాబట్టి, గొంతు ఎండుతున్నా మొదటి నీళ్ళు వదిలేసేవాళ్ళం. తర్వాతివి డబ్బాలోకి. ఉన్నది ఒకటే డబ్బా. మనిషికి రోజుకు మూడు గుక్కలు.

ఆయన ఎత్తే పోసుకునేవాడు. అలల ఊపుకు సగం గడ్డం మీదే కారిపోయేది. కరుచుకుని తాగమని ఎంత బతిమాలినా, "నా ఎంగిలి నీకేలప్పా" అనేవాడు.

ఏడో రోజు ఆయన చేతులు లేవలేదు. డబ్బా నేనే పెదాలకు ఆనించాను. ఒక్క గుక్క తాగి తల తిప్పుకున్నాడు. "ఎంగిలైపాయ కదప్పా" అన్నాడు, తప్పు చేసినవాడిలా. మిగిలింది నేను తాగాను. సాయంత్రానికి ఆయన పోయాడు. మర్నాడు చేపల పడవవాళ్ళు నన్ను చూశారు.

అత్తగారికి ఇదంతా చెప్పొద్దు. ఆదివారం వస్తాను. నాకు వేరే గ్లాసు పెట్టు, ఏమీ అనుకోను. నేను వదిలిన నీళ్ళు మాత్రం పారబోయకు. అక్కడే ఉంచు, మళ్ళీ నేనే తాగుతాను.

నీ తమ్ముడు