బావకి నాలుగు, టైలరమ్మకి మూడు

జూన్ 3
కార్ట్రిడ్జ్‌లు పదకొండే మిగిలాయి. తెమడ పరీక్ష చేసే మెషీన్‌లో మనిషికొకటి పెట్టాలి, ఒకసారి వాడింది మళ్లీ పనికిరాదు. కొత్త స్టాక్ ఎప్పుడొస్తుందో స్టోర్ గుమాస్తాకే తెలియదట. ఇవాళ దగ్గుతో వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. డాక్టరమ్మ వారానికి రెండు రోజులే వస్తారు. మిగతా రోజులు క్లినిక్‌లో నర్సుని నేనే, అన్నీ నేనే.

ముందు ఎవరికి చెయ్యాలో తేల్చడానికి ఆవిడ ఒక కాగితం రాసిచ్చారు. రెండు వారాలు దాటిన దగ్గుకి రెండు మార్కులు. సాయంత్రం జ్వరానికి ఒకటి. బరువు తగ్గితే రెండు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే రెండు. నాలుగొస్తే పరీక్ష, లేకపోతే సిరప్ ఇచ్చి పంపాలి. బరువుకి మాత్రం, ఇదివరకటి బరువు రాసున్న పాత క్లినిక్ చీటీ చూసే మార్కులు వెయ్యమన్నారు. నోటిమాట మీద వేస్తే ఊరంతా చిక్కిపోయినవాళ్లేనట.

జూన్ 5
ఐదుగురికి చేశాను. ఒకరికి పాజిటివ్. వెనక్కి పంపినవాళ్లలో ఒకాయన గుమ్మం దగ్గర ఆగి, దగ్గులో కూడా ఫస్ట్ క్లాస్ రావాలా సిస్టర్ అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

జూన్ 7
అక్క ఫోన్. బావ మూడు వారాలుగా దగ్గుతున్నాడట. చిక్కి సగమయ్యాడట, ప్యాంటు నడుం మీద నిలవట్లేదట. నువ్వుండి కూడా మేం లైన్లో నిలబడాలా అని అడిగింది. నిలబడాల్సిందే అన్నాను. గొంతు గట్టిగానే పెట్టాను.

జూన్ 9, మధ్యాహ్నం
ఒక్కటే మిగిలింది. బెంచీ మీద ఇద్దరు.

ఒకరు బావ. రెండో ఆవిడ మార్కెట్ వెనక సందులో బట్టలు కుట్టే టైలరమ్మ. యాభై ఉంటాయి. నెలరోజుల దగ్గు, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుందట. మూడు మార్కులు. బరువు తగ్గారా అంటే, తగ్గానమ్మా, నా బట్టలకి నేనే రెండుసార్లు కుట్లు లోపలికి వేసుకున్నానంది. పాత చీటీ ఉందా అన్నాను. లేదంది.

బావకీ చీటీ లేదు. దగ్గుకి రెండు వేశాను. జ్వరం లేదు. బరువు దగ్గర పెన్ను ఆగింది. ఆగి, రెండు వేసింది.

టైలరమ్మకి సిరప్ ఇచ్చి, రెండు వారాలాగి రమ్మన్నాను. సరేనమ్మా అని సీసా సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. గొడవ పడుంటే బాగుండేది.

జూన్ 9, సాయంత్రం
బావకి నెగెటివ్.

జూన్ 10
డాక్టరమ్మ బావని చూసి సిగరెట్ల దగ్గన్నారు. మరి బరువెందుకు తగ్గిందని ఆవిడ అడిగితే, రెండు నెలలుగా తిండి తగ్గించి పొద్దున్నే నడుస్తున్నాడట. నిన్న నాకెందుకు చెప్పలేదని వరండాలో నిలదీశాను. నువ్వడగలేదుగా మరదలా అన్నాడు.

నిజమే. అడగలేదు. టైలరమ్మనైతే చీటీ అడిగాను.

జూన్ 13
డాక్టరమ్మకి చెప్పేశాను. ఇద్దరికీ మార్కులు వేసిన కాగితాలు ముందు పెట్టాను. తిడతారనుకున్నాను. చదివి, కళ్లజోడు తీసి, బట్టలు కుట్టే మనిషికి తన కొలత తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అన్నారు. ఆ చీటీ రూలు పెట్టింది తనేనని కూడా అన్నారు. దాంతో నాకేం తేలికవలేదు. పక్క క్లినిక్‌కి ఫోన్ చేసి, బతిమాలి, ఒక కార్ట్రిడ్జ్ ఇప్పించారు.

జూన్ 14
టైలరమ్మ కొట్టు దొరికింది. కుట్టుమిషను పక్కనే ఉయ్యాల. అందులో ఏడు నెలల మనవరాలు. కూతురు ఫ్యాక్టరీకి వెళ్తుంది, పగలంతా పాపని ఈవిడే చూసుకుంటుంది. సిరప్ సగమైంది. దగ్గు అలాగే ఉంది.

డబ్బా ఇచ్చి, పెరట్లోకి తీసుకెళ్లి తెమడ పట్టించాను. మూత బిగించేటప్పుడు చెప్పాను. ఆ రోజు బెంచీ మీదున్నది మా బావ. మీకు వెయ్యని మార్కులు ఆయనకి వేశాను.

ఆవిడ కుళాయి కింద చేతులు కడుక్కుంది. ఆయనకుందా అని అడిగింది. లేదన్నాను. మంచిదే అంది. చేతులు తుడుచుకున్నాక అంది.

“ఈ ఐదు రోజులూ పాప నా ఒళ్లోనే పడుకుందమ్మా.”

జూన్ 17
టైలరమ్మకి పద్నాలుగు సాయంత్రమే పాజిటివ్ వచ్చింది. మందులు మొదలుపెట్టాం, ఆరు నెలలు. పాపకి పరీక్షలన్నీ అయ్యాయి. జబ్బు లేదు. రాకుండా మందిచ్చాం. డాక్టరమ్మ పాపని ఎత్తుకుని తిప్పారు. నేను ఎత్తుకోలేదు.

కాగితం మారింది. బరువు తగ్గానని మనిషి చెబితే చాలు. నాకు తెలిసినవాళ్లొస్తే మార్కులు డాక్టరమ్మే వేస్తారు.

జూలై 2
స్టాక్ వచ్చింది. అరవై. పొద్దున్నుంచి దగ్గుతో ఒక్కరూ రాలేదు. మధ్యాహ్నం రిజిస్టరు తెరిచి, నేను వెనక్కి పంపినవాళ్ల పేర్లు రాసుకున్నాను. పదిహేడుమంది. డబ్బాలు సంచిలో వేసుకుని బయల్దేరుతున్నాను.