వెనకగది పనిముట్లు

జూన్ 3
ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. కట్టడాలు ఆగిపోయాయి. వీధిలో షాపులన్నీ ఈగలు తోలుకుంటున్నాయి. మా అత్తయ్య సెకండ్‌హ్యాండ్ పనిముట్ల షాపులో మాత్రం కాలు పెట్టే చోటు లేదు. పని పోయినవాళ్ళంతా అమ్ముకోడానికి క్యూ కడుతున్నారు. ఊరికి కరువొస్తే మాకు పంట! ఈ కూడు నాకు గొంతు దిగడం లేదని అత్తయ్య మొహం మీదే అనేశాను. కరపత్రాలు మేసేవాడికి కూడెలా దిగుతుందిరా అంది.

జూన్ 9
ఒక కార్పెంటర్ సెట్టంతా అమ్మేశాడు. రంపం, ఉలులు, చెక్క నున్నగా చేసే చిత్రిక. అత్తయ్య బేరమాడలేదు. ఆయన గుమ్మం దాటగానే వెనకగదిలో పెట్టి తాళం వేసింది. అక్కడ ఇలాంటివి బోలెడు. అవి ఎవరికీ అమ్మదు. ఎందుకని అడిగితే, ముందు కౌంటర్ తుడవరా అంది.
ఎందుకో నాకు తెలీదా? రేటు పెరిగేదాకా దాచడం. బ్లాక్ మార్కెట్! మా సంఘం కరపత్రంలో దీనిమీద నాలుగు పేజీలున్నాయి.

ఆగస్టు 21
అత్తయ్య పన్ను పీకించుకోడానికి వెళ్ళింది. వెనకగది తాళంచెవి నా చేతికొచ్చింది. పొరుగూళ్ళో పని దొరికిందంటూ దారినపోయే మనిషొకడు చిత్రిక అడిగాడు. ఆ కార్పెంటర్ సెట్టంతా తీసి సగం ధరకే ఇచ్చేశాను. పనిముట్టు పనిచేసేవాడిదే! ఇవాళ నేలమీద నడవలేదు నేను.

ఆగస్టు 22
అత్తయ్య తిట్టలేదు. అదే భయంగా ఉంది.

నవంబర్ 14
కట్టడాలు మళ్ళీ మొదలయ్యాయి. మాకు గిరాకీ పడిపోయింది. అమ్మినవాళ్ళు ఒక్కొక్కరే వస్తున్నారు. అత్తయ్య వెనకగది తెరిచి, ఎవరిది వాళ్ళకి, కొన్న ధరకే ఇచ్చేస్తోంది. మరి ముందే చెప్పొచ్చుగా అని అరిచాను. చెబితే తాకట్టు పెట్టినట్టు తలొంచుకుని వెళ్తార్రా, అమ్మినవాడు తలెత్తుకుని వెళ్తాడు అంది.
సాయంత్రం ఆ కార్పెంటర్ వచ్చాడు. కొత్త బిల్డింగ్‌లో తలుపుల పనట. సొంత సెట్టు ఉండాలి, రేపు ట్రయల్. నేనే అమ్మేశానని చెప్పాను. ఆయనది ఎడమచేతివాటం. షాపులో ఉన్న చిత్రికలన్నీ కుడిచేతుల్లో అరిగినవి. ఒక్కొక్కటీ పట్టి చూసి, కింద పెట్టాడు. చివరికి అత్తయ్య ఒకటి చేతిలో పెట్టి పంపింది.

నవంబర్ 15
ట్రయల్‌కి ఆయన వెనకే వెళ్ళాను. చిత్రిక రెండుసార్లు చెక్కలో దిగబడింది. పలక గతుకులు తేలింది. మేస్త్రీ వేలితో తడిమి, తలుపులకి వద్దు, బరువులు మొయ్యడానికి రమ్మన్నాడు. ఆయన సరేనన్నాడు. నేనైతే ఆ మేస్త్రీ కాలర్ పట్టుకునేవాణ్ణి. కానీ ఎవరి కాలర్?

నవంబర్ 16
చిత్రిక తిరిగిచ్చేశాడు. నా సెట్టు కొన్నవాడిది ఏ చేతివాటం అని అడిగాడు.
నేను చూడలేదు.